మంచు చెరువులో మైల స్నానం

మేము చెరువు దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం రెండయింది. వడగళ్లు పడుతున్నాయి. కంచరగాడిదల మీది సామాను దించుదామంటే చేతులు లేవడం లేదు. తల పగిలిపోతోంది. ఇద్దరు వాంతులు చేసుకున్నారు. ఎత్తు పన్నెండున్నర వేల అడుగులని సర్వేయరు చెప్పాడు. ఆ ఎత్తులో గాలి పల్చన. బూటు తాడు కట్టుకుని లేస్తే, బస్తా మోసినట్టు ఆయాసం వస్తుంది.

అది కాశ్మీరంలో ఒక మారుమూల లోయ. వెనకటి రాజుల వేట అడవి. స్వరాజ్యం వచ్చాక అక్కడ వేట మాన్పించారు. జంతువులకు రక్షణ ఇచ్చి, కొండలు చూడాలనుకునే జనానికి ఆ లోయను తెరవాలని ప్రభుత్వం తలపెట్టింది. కానీ దారి లేదు. దారి వేయాలంటే ముందు అది ఎటు పోవాలో ఎవరో నడిచి గుర్తు పెట్టాలి. ఆ పనికి ఒక సర్వేయరును పంపారు. అతనికి తోడుగా మా పటాలం నుంచి ఏడుగురం వెళ్లాం.

ఉత్తర్వు చిన్నది. జలపాతానికి, చెరువుకు, మంచునది మొదలుకు కాలిబాట గుర్తించాలి. బాట పొడుగునా సున్నం కొట్టిన కర్రలు పాతాలి. కనుమ మంచుతో మూసుకుపోకముందే దిగిపోవాలి.

మా ఊరు చోడవరంలో నన్ను చూసినవాళ్లంతా యుద్ధం కబుర్లు చెప్పమంటారు. నేను యుద్ధం చూడలేదు. ఆ లోయలో ఉన్నన్నాళ్లూ ఎవరి తుపాకీ పేలలేదు. అయినా ఒక మనిషిని పోగొట్టుకుని వచ్చాం. దేవరాపల్లి అవతలి పల్లెవాడు, మా వైర్లెస్ ఆపరేటరు, సింహాద్రి. అతన్ని శత్రువు చంపలేదు. అతన్ని చంపినదాన్ని మన వీధుల్లో ఇప్పటికీ గౌరవంగా చూస్తున్నారు. అందుకే ఇది రాస్తున్నాను.

సామాను దించాక, దిగే రోజుకు మళ్లీ రమ్మని కంచరగాడిదలను కిందికి పంపేశాం. గుడారాలు మూడు. రెంటిలో మనుషులు, ఒకదానిలో సామాను. మనిషికి నాలుగు కంబళ్లు, ఒక బరువు కోటు, ఉన్ని టోపీ, మంచు మీద కళ్లు పోకుండా నల్ల అద్దాలు. కింద శిబిరంలో డాక్టరు కొన్ని నియమాలు రాసి ఇచ్చాడు. తడిసిన బట్ట ఒంటిమీద ఉంచకూడదు. కడుపు మాడ్చుకోకూడదు. ఒంటరిగా పడుకోకూడదు, వీపుకు వీపు ఆనించి పడుకోవాలి. దగ్గులో నురగ కనిపిస్తే ఆ గంటలోనే మనిషిని కిందికి దించాలి. మా హవల్దారు ఆ కాగితాన్ని రోజూ సాయంత్రం పైకి చదివేవాడు. ఆయన గోదావరి వైపు వాడు. పెద్ద యుద్ధంలో బర్మా వెళ్లివచ్చిన మనిషి. నిష్ఠాపరుడు. నిద్ర లేవగానే ఏ దిక్కున పడుకున్నా తూర్పుకు తిరిగి దండం పెట్టుకునేవాడు. చెడ్డవాడని నేను అనను. తన కంబళిని జ్వరం వచ్చినవాడికి కప్పి తాను కూర్చుని తెల్లవార్చగల మనిషి.

సింహాద్రికి ఇరవై మూడేళ్లు. నన్ను అన్నా అనేవాడు. ఆ చెరువు మొదటిసారి ఎండలో మెరిసినప్పుడు మేమంతా పని ఆపి నిలబడిపోయాం. మూడు వైపులా నల్లటి కొండ, మధ్యలో నెమలి మెడ రంగు నీళ్లు, అల లేదు. సింహాద్రి మాత్రం చెయ్యి నడుముకు పెట్టుకుని చూశాడు.

"అన్నా, ఈ నీలన్నీ మన సారద ఏట్లోకి తిప్పీగలిగితేనా, రెండో తోట సెరుకేసుకుందుం. ఇక్కడెవుడికి పనికొస్తాయి సెప్పు, దెయ్యాలకా?"

"కొండ సూడ్డానికి జనాలొస్తారట్రా."

"కొండ సూడ్డానికా? మన మాడుగుల కొండలు ఎవుడైనా డబ్బులిచ్చి సూసేడా?"

అక్కడ బండల మధ్య ఒక జంతువు ఉంటుంది. ఎలుక జాతి, కుందేలుకు రెండింతలు. వెనక కాళ్ల మీద నిటారుగా కూర్చుని ఈల వేస్తుంది. సింహాద్రి దానికి మా ఊరి షావుకారు పేరు పెట్టాడు. "పొట్టేసుకుని ఎలా కూకున్నాడో సూడు. అప్పడిగితే ఇలాగే ఈలేసీసి లోపలికెల్లిపోతాడు." హవల్దారు కూడా నవ్వాడు.

పని కష్టమైనది. గునపం దిగదు. రాళ్లు పేర్చి వాటి మధ్య కర్ర నిలబెట్టాలి. రోజుకు అర మైలు బాట గుర్తిస్తే గొప్ప. జలపాతం దాకా ముందు పూర్తయింది. అంత ఎత్తునుంచి పడే నీరు సగం దారిలోనే పొగ అయిపోతుంది. దాని పక్క గడ్డిలో నేలకు అంటుకుని పసుపు పూలు ఉండేవి. మేము మొదట వెళ్లినప్పుడు చూశాం. రెండో సారికి అవి మాడిపోయాయి. చలి రోజురోజుకూ ఒక మెట్టు కిందికి దిగింది.

మంచునది అంటే మనవాళ్లు తెల్లగా ఊహించుకుంటారు. దాని మొదలు నల్లగా, మురికిగా, రాళ్లు మింగినట్టు ఉంటుంది. కింద ఒక గుహ. లోపల వెలుతురు నీలంగా ఉంటుంది. గుహ మధ్యలో మంచు స్తంభం ఒకటి, మనిషి ఎత్తున. హవల్దారు దాన్ని చూడగానే బూట్లు విప్పబోయాడు. నేను ఆపాను. ఆయన జేబులోంచి కర్పూరం తీసి వెలిగించాడు.

"పైన పగులు ఉంది సాబ్," అన్నాను. "అందులోంచి నీటి చుక్క పడి గడ్డకట్టింది. మీరు ఇంకో పది కర్పూరాలు వెలిగిస్తే మీ దేవుడు కారిపోతాడు."

"నీకు అన్నీ నీళ్లే కనిపిస్తాయిరా," అన్నాడాయన.

బయటికి వచ్చాక సింహాద్రి నా మీద విసుక్కున్నాడు. "ఆయన కర్పూరం ఆయన్ని ఎలిగించుకోనీ అన్నా. నీ సొమ్మేటి పోనాది?"

నేను చోడవరం పఠనమందిరంలో వాదాలు విని పెరిగినవాణ్ణి. వితంతువులకు పెళ్లి చేయాలా వద్దా, అందరూ ఒక పంక్తిన తినాలా వద్దా, అంటు, మైల ఎక్కడివి, ఈ వాదాల్లో రాళ్లు పడిన సభలు చూశాను. నమ్మకం నమ్మేవాడి సొంత విషయం అన్న మాట అక్కడ చాలా సార్లు విన్నాను. ఆ రోజు సింహాద్రి నోట విన్నాను. మర్యాదైన మాటలా ఉంటుంది. కర్పూరం వరకు అది నిజమే కావచ్చు.

ఆశ్వయుజం ముగిసింది. తెల్లవారేసరికి చెరువు అంచున వేలు మందాన మంచు కట్టేది. ఇంకో నాలుగు రోజుల్లో దిగిపోవాలి. చివరి బాట చెరువు అవతలి ఒడ్డున మిగిలింది. నేను, సర్వేయరు పొద్దున్నే అటు వెళ్లాం. వైర్లెస్ రోజూ పన్నెండు గంటలకు కలిపేవారు. సింహాద్రి చెవులకు గొట్టాలు తగిలించుకుని మాట్లాడేవాడు, తన మాట అయిపోగానే ఓవర్ అనేవాడు. మా వంటవాడు పక్కన కూర్చుని యంత్రానికి కరెంటు పుట్టించే పిడి తిప్పేవాడు. వంటవాడిది విజయనగరం. పక్కనే ఉండడంతో గొట్టంలోని మాట అతనికీ సన్నగా వినిపించేది. ఆ రోజు జరిగింది తరవాత అతనే చెప్పాడు.

కింది ఆపరేటరు ముందు ఒక ప్రశ్న అడిగాడట. "నీ పక్కన ఎవరున్నారు?"

"వంటాయనున్నాడు. సెప్పు, ఓవర్."

కింద శిబిరానికి సింహాద్రి అన్న దగ్గర్నుంచి కబురు వచ్చింది. తండ్రి చనిపోయాడు. అప్పటికి ఇరవై రోజులు దాటింది. పెద్దకర్మ కూడా అయిపోయింది. ఇంత దూరంలో ఉన్నవాడు సమయానికి రాలేడని తమ్ముడి కోసం ఆగకుండా అన్నే అన్నీ జరిపించాడు. కింది ఆపరేటరు ఈ నాలుగు మాటలు మెల్లిగా, విడివిడిగా చెప్పాడు.

సింహాద్రి మిగతా కబుర్లు రాసుకున్నట్టే ఇదీ రాసుకున్నాడు. "అందింది," అన్నాడు. తరవాత మా రోజువారీ నివేదిక ఇచ్చాడు. పాతిన కర్రలెన్ని, కిరసనాయిలు ఎంత మిగిలింది, గాలి ఎటు వీస్తోంది. ఒక్క మాట తడబడలేదట. గొట్టాలు తీసి కొక్కేనికి తగిలించాడు. అప్పుడు వంటవాణ్ణి అడిగాడు.

"దచ్చినం ఎటేపు?"

వంటవాడు చెయ్యి చూపించాడు. అటు చెరువు ఉంది.

అవతలి ఒడ్డునుంచి నేను చూసింది ఇది. బరువు కోటులో ఒక మనిషి నీళ్ల వైపు నడుస్తున్నాడు. నీళ్లకు వచ్చాడనుకున్నాను. చేతిలో డబ్బా లేదు. అంచున మంచు పగిలింది. ఆ చప్పుడు నీటి మీదుగా మాకు వినిపించింది. బూట్లతో మోకాళ్ల లోతుకు వెళ్లాడు. నడుము లోతుకు వెళ్లాడు.

"ఏం చేస్తున్నాడు ఆ మనిషి?" అన్నాడు సర్వేయరు.

నేను అరిచాను. నా అరుపు కొండకు కొట్టుకుని తిరిగి వచ్చింది. సింహాద్రి మునిగాడు. లేచాడు. మునిగాడు. లేచాడు. మూడోసారి మునిగినప్పుడు నాకు అర్థమైంది. మన ప్రాంతంలో ఇది ఎవరికీ చెప్పనక్కర్లేదు. చావు కబురు చెవిన పడితే మైల. కట్టుబట్టలతో తల తడిసేలా మునగాలి.

మన ఊళ్లో దీనికి నూతి దగ్గర రెండు చేదల నీళ్లు చాలు. వీధి చివరికి వెళ్లేసరికి ఎండకు బట్టలు ఆరిపోతాయి. ఎవరూ చావరు. ఎవరూ చావనంత కాలం ఎవరూ ప్రశ్నించరు. ఉక్కపోసే ఊరిలో పుట్టిన ఆచారాన్ని మూటలో కట్టుకుని మంచు కొండకు తెచ్చుకున్నాం. తుపాకులకు చలికాలం నూనె వేరు, ఎండాకాలం నూనె వేరు. మార్చుకోవాలని మాకు నేర్పారు. ఆచారానికి మాత్రం ఆ మార్పు లేదు.

చెరువు చుట్టి రావాలి. అంతా బండలు. పరిగెత్తితే ఊపిరి ఆగిపోతుంది. నలభై నిమిషాలు పట్టింది. నేను వచ్చేసరికి అతను సామాను గుడారం ముందు నిలబడి ఉన్నాడు. గాలికి కోటు అట్టలా బిగిసింది. జుట్టులో మంచు కట్టింది. పళ్లు టకటక కొట్టుకుంటున్నాయి. మిగతావాళ్లు దూరంగా నిలబడి చూస్తున్నారు. వంటవాడు కబురు సంగతి చెప్పాడు.

"ఒరే, ముందు బట్టలిప్పీరా."

"ముట్టుకోకన్నా. మైల."

"మైలేట్రా? మీ నాన్న పోయి ఇరవై రోజులయ్యింది. మీ ఇంటికాడ బోజనాలు కూడా అయిపోనాయి. మీ అన్న పొలం ఎల్తన్నాడు."

"ఆలకయిపోనాది. నాకియ్యాలే మొదలు."

హవల్దారు వైపు తిరిగాను. "సాబ్, రోజూ చదువుతారే, తడిబట్ట ఒంటిమీద ఉంచకూడదని. ఇవాళ చదవరా?"

"శాస్త్రం ప్రకారం వాడు చెప్పింది నిజమేరా," అన్నాడాయన. గొంతు తగ్గించి అన్నాడు. "కొడుక్కి విన్న రోజునుంచి పది రోజులు. తండ్రి పోయినవాణ్ణి నేను బలవంతం చెయ్యలేను."

"నేను చేస్తాను."

చేశాను. పెనుగులాడాడు. కాని చేతుల్లో బలం లేదు. కోటు గుండీలు రాక కత్తితో కోశాను. ఆరిన బట్టలు కట్టుకోనంటాడు. అవన్నీ అందరివీ కలిసి ఉన్నాయట, మైల కలుస్తుందట. అప్పుడు నేను నమ్మని శాస్త్రాన్నే పట్టుకోవలసి వచ్చింది.

"ఉన్నికి మైల లేదురా. మడి కట్టుకునేవాళ్లు ఉన్ని ఎందుకు కడతారు? అడుగు సాబ్‌ని."

హవల్దారు తల ఊపాడు. "అవును. ఉన్నికి దోషం లేదు."

అలా నాలుగు కంబళ్లు అతని ఒంటి మీదికి చేరాయి. ఆ రోజు నేను గెలిచింది అంతవరకే.

తిండి దగ్గర ఓడిపోయాను. ఒంటిపూట, అదీ తానే వండుకోవాలన్నాడు. ఆ ఎత్తులో నీళ్లు తొందరగా మరుగుతాయి కాని బియ్యం ఉడకదు. వంటవాడు పప్పుకు మూడు గంటలు మంట పెట్టేవాడు. సింహాద్రి వణికే చేతులతో గుప్పెడు బియ్యం పెట్టుకున్నాడు. పలుకుగా ఉన్న మెతుకులు రెండు ముద్దలు తిని వదిలేశాడు. పటాలం వంట తినమంటే తల అడ్డంగా ఊపాడు.

పడకకు వచ్చేసరికి ఇంకా ఘోరం. మాతో ఒక గుడారంలో పడుకోనన్నాడు. కిరసనాయిలు డబ్బాల మధ్య, తాళ్లూ గునపాల మధ్య, సామాను గుడారంలోకి పోయాడు. నా కంబళ్లు తీసుకుని నేనూ వెళ్లాను.

"నువ్వొస్తే నాను బయట కూకుంటాను," అన్నాడు.

"కూకో."

నిజంగానే వెళ్లి గాలిలో కూర్చున్నాడు. నేను బయటికి వచ్చి, కాళ్లు పట్టుకోవడం తప్ప అన్నీ చేశాను.

"ఒరే సిమ్మాద్రీ, నీకు నమ్మకం ఉంటే ఉండనీరా. మీ నాన్న నిన్నిలా సూస్తే ఒప్పుకుంటాడా?"

"నువ్వు నన్ను ముట్టుకుంటే ఆయనకి దారుండదన్నా. సిన్నప్పుడు నానెన్నిసార్లు ఎదురు సెప్పేనో నీకు తెల్దు. ఇదొక్కటీ సెయ్యనీ."

నేను నీళ్లు కాచి సీసాలకు పోసి, మేజోళ్లలో చుట్టి, అతని పడకలో పెట్టాను. నా కంబళ్లలో రెండు లోపల విసిరాను. నేను దూరం జరిగితే తప్ప అతను లోపలికి పోలేదు. దూరం జరిగాను.

వాదంలో నా మాటలన్నీ తర్కానికి నిలిచాయి. పఠనమందిరంలో అయితే చప్పట్లు కొట్టేవారు. చిన్నప్పటినుంచి అమ్మ, నాన్న, వీధి, పురోహితుడు కలిసి పోసిన భయానికి జవాబు అక్కర్లేదు. దాని పక్కన ప్రేమ కూడా కలిపి పోస్తారు. ఈ రెండూ కలిశాక విడదీయడం ఒక సాయంత్రంలో అయ్యే పని కాదు. పాతికేళ్ల ముందు మొదలుపెట్టాలి. మనం మొదలుపెట్టలేదు.

తెల్లవారి నేను వెళ్లి గుడారం తెర ఎత్తేసరికి అతను కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడడం లేదు. పెదవులు నేరేడు పండు రంగు. దగ్గాడు. అరచేతిలో నురగ. నురగ మీద ఎర్రటి చార.

హవల్దారును చెయ్యి పట్టుకుని లాక్కొచ్చాను. ఆయన చూశాడు. ముఖం మాడిపోయింది. "కిందికి కబురు పెట్టాలి," అన్నాడు. "ఇప్పుడే."

బయట మంచు మొదలైంది. కబురు పంపడం తెలిసినవాడు మాలో ఒక్కడే. యంత్రాన్ని సామాను గుడారంలోకి మోసుకొచ్చాం. వంటవాడు పిడి తిప్పాడు. నేను గొట్టాలు అతని చెవులకు తగిలించాను. ఈసారి ముట్టుకోవద్దని అనలేదు. కింది వాళ్లు ఆ గంటకు వింటూ ఉండాలని లేదు. అతను పిలుస్తూనే ఉన్నాడు. పిలుపుకూ పిలుపుకూ మధ్య దగ్గు. చాలాసేపటికి జవాబు వచ్చింది.

"ఒక రోగి. ఊపిరితిత్తులు. దించుతున్నాం. డాక్టర్ను ఎదురు పంపండి. ఓవర్."

"రోగి పేరు చెప్పు. ఓవర్."

సింహాద్రి తన నెంబరు చెప్పాడు. తన పేరు చెప్పాడు. ఓవర్ అన్నాడు.

గుడారంలో అందరికీ వినిపించేంత గట్టిగా కింది ఆపరేటరు అన్నాడు. "సింహాద్రీ, నువ్వేనా?"

"నానే. డాక్టర్ను అడివి మొదలు దాకా పంపు. ఓవర్."

గొట్టాలు తీస్తూ నాతో అన్నాడు. "అన్నా, వైర్లెస్ సెట్టు మంచులో పెట్టీకండి. తడిస్తే పాడైపోద్ది."

గుడారం కర్రలు రెండు, ఒక కంబళి కలిపి డోలీ కట్టాం. మొయ్యడానికి నలుగురు కావాలి. నేను ముందు కర్ర పట్టుకున్నాను. ఒక సిపాయి తటపటాయించాడు. పెళ్లయి నెల తిరక్కుండా వచ్చినవాడు, మైల అంటితే ఇంటికి కీడని భయం. హవల్దారు అతన్ని భుజం పట్టి పక్కకు నెట్టి, రెండో కర్ర తానే ఎత్తుకున్నాడు. ఎవరూ ఏమీ అనలేదు. ఆ సిపాయి కూడా వెనక కర్రకు వచ్చాడు.

దారి మంచులో కలిసిపోయింది. మేము పాతిన తెల్లకర్రలు తెల్లమంచులో కనిపించడం లేదు. సర్వేయరు ముందు నడుస్తూ కర్రతో పొడిచి రాళ్ల కుప్పలు వెతికాడు. బండల దిగువలో డోలీని ఒక్కో అడుగు దించాం. వంద గజాలకు ఒకసారి ఆగాం. ఆగినప్పుడల్లా నేను అతని ముఖం మీది మంచు తుడిచాను. కళ్లు తెరిచే ఉన్నాడు.

"అన్నా."

"సెప్పరా."

"మా యమ్మకి సెప్పు. మునిగేనని సెప్పు."

"నువ్వే సెప్పుదువు."

"మూడు సార్లూ మునిగేనని సెప్పు."

భూర్జ చెట్ల అడవి మొదలైన చోట, సాయంత్రం నాలుగు ప్రాంతంలో, దగ్గు ఆగింది. నయం అవుతోందని వెనకనున్న సిపాయి అన్నాడు. నేను డోలీ దించి చూశాను. నయం కాలేదు.

డాక్టరు మరో గంటకు మమ్మల్ని కలిశాడు. దీపం పెట్టి చూశాడు. ఎలా తడిశాడని అడిగాడు.

"చెరువులో మునిగాడు," అన్నాడు హవల్దారు.

"జారిపడ్డాడా?"

అవుననేస్తే సరిపోయేది. హవల్దారు అలా అనలేదు. "లేదు సాబ్. మేమంతా చూస్తుండగా మునిగాడు." మొత్తం చెప్పాడు. తాను శాస్త్రం చెప్పిన సంగతి కూడా దాచలేదు.

కింది శిబిరం ఇంకో రోజు నడక. మంచు పెరుగుతోంది. తెల్లవారాక అక్కడే దహనం చేయమని డాక్టరు ఆజ్ఞ ఇచ్చాడు. భూర్జపత్రం చెట్టు బెరడు తడిసినా మండుతుంది. కాగితంలా ఒలిచి కట్టెల కింద పెట్టాం. సొంతమనిషి లేడు కనుక ఊరివాణ్ణి నేనే నిప్పు పెట్టాను. మంత్రాలు లేవు. హవల్దారు చదువుతానంటే వద్దన్నాను. ఆయన బలవంతం చేయలేదు.

మంట తగ్గాక హవల్దారు ఏటి వైపు నడిచాడు. అలవాటు కాళ్లలో ఉంటుంది. ఆయన వెనక ఆ సిపాయి, వంటవాడు. నీళ్ల అంచున ఆయన టోపీ తీశాడు. నేను వెళ్లి పక్కన నిలబడ్డాను.

"మునగండి సాబ్. కానీ ముందే చెప్పండి. మిమ్మల్ని మొయ్యడానికి ఇంకో రెండు కర్రలు కోసి పెట్టుకుంటాం."

కొడతాడనుకున్నాను. ఆయన వంగి ఒక అరచేయి నీళ్లలో పెట్టాడు. అక్కడే ఉంచాడు. పైకి తీసి కోటుకు తుడుచుకున్నాడు. టోపీ పెట్టుకున్నాడు. "పదండి," అన్నాడు. ఆ రోజు ఎవరూ మునగలేదు. ఆ తరవాత ఆయన సాయంత్రాలు ఆ కాగితం చదవడం నేను వినలేదు. మమ్మల్ని వేరు వేరు చోట్లకు పంపారు.

ఏడాది తిరిగాక నా కొలువు కాలం ముగిసింది. అనకాపల్లిలో రైలు దిగి, బస్సులో చోడవరం చేరాను. చెరుకు కోతల రోజులు. రోడ్డు పొడుగునా బళ్లు, బెల్లం వాసన. కబురు నాకంటే చాలా ముందు వచ్చింది. రావడమే కాదు, ఎదిగింది కూడా. పఠనమందిరంలో సన్మానం అన్నారు, వెళ్లాను. ఒక పెద్దమనిషి లేచి, తండ్రి ఋణం ప్రాణం ఇచ్చి తీర్చుకున్న పుత్రుడు సింహాద్రి అన్నాడు. ధన్యజీవి అన్నాడు. పిల్లలకు ఈ కథ చెప్పాలన్నాడు. సభ చప్పట్లు కొట్టింది.

నేను లేచాను. పిల్లలకు తప్పకుండా చెప్పండి అన్నాను. నీలం పెదవులు కూడా చెప్పండి, అరచేతిలో నురగ కూడా చెప్పండి. అతనికి కావలసింది ఆ రాత్రి ఒక మనిషి వీపు. వీపులు ఏడు ఉన్నాయి. మీ మైల వాటిని దూరంగా నిలబెట్టింది. మీరు మెచ్చుకునేది ఇదీ. కొందరు లేచి వెళ్లిపోయారు. సైన్యానికి వెళ్లి చెడిపోయానని ఒకాయన అన్నాడు. అననీయండి. సింహాద్రి చచ్చి చెడిపోకుండా ఉన్నాడు.

తరవాతి సంతకు అతని తల్లి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. వెంట పెద్దకొడుకు. ఆమె సన్నటి మనిషి. నేను బస్సుల దగ్గర సోడాకొట్టు ముందు ఉన్నాను. కూర్చోమన్నాను, కూర్చోలేదు.

"నువ్వే గదా బాబూ మా గుంటడితోనున్నావు?"

"నానే అమ్మా."

"ఆకర్న ఏటన్నాడు?"

నేను చెప్పాలనుకోలేదు. కాని అది అతని మాట, నాది కాదు. "మునిగేనని నీతో సెప్పమన్నాడమ్మా. మూడు సార్లూ మునిగేనని."

పెద్దకొడుకు రెండు చేతులూ జోడించి కళ్లు మూసుకున్నాడు. ఆమె జోడించలేదు.

"ఆ నీలు సల్లగుంటాయా బాబూ?"

"సల్లగుంటాయమ్మా."

"మన నూతి నీలలాగుంటాయా? తెల్లారగట్ట సారదలో ఉంటాయి, అలాగా?"

ఏం చెప్పను? అనకాపల్లి బస్సులో వచ్చిన మంచుదిమ్మను సోడాకొట్టువాడు గోనెసంచి మీద పెట్టి, రంపపు పొట్టు దులిపి, ఉలితో పగలగొడుతున్నాడు. ఆమె జన్మలో మంచు ముట్టుకోలేదు. ఒక ముక్క తీసి ఆమె అరచేతిలో పెట్టాను.

ఆమె ఉలిక్కిపడింది. చెయ్యి విదిలించబోయింది. విదిలించలేదు. వేళ్లు ముడిచింది. గుప్పిట బిగించింది. నీళ్లు మణికట్టు మీదినుంచి మోచేతి దాకా కారి దుమ్ములో పడ్డాయి. వేళ్లు ఎర్రబడ్డాయి, తరవాత తెల్లబడ్డాయి.

"ఇడిసీ అమ్మా," అన్నాడు కొడుకు.

"పారీమ్మా, సెయ్యి తిమ్మిరెక్కిపోద్ది," అన్నాను.

ఆమె మా ఇద్దరి మాటా వినలేదు. ముక్క పూర్తిగా కరిగేదాకా అలాగే నిలబడింది. సంతలో జనం మమ్మల్ని తప్పించుకుని నడుస్తున్నారు. గుప్పిట విప్పి చూసుకుంది. ఏమీ లేదు. తడిసిన ఎర్రటి అరచెయ్యి నా ముందుకు చాపింది.

"మూడు సార్లన్నావు గదా బాబూ," అంది. "ఇది ఒకటే."